జ్వరమొచ్చిన రోజు చీటీ ఎక్కడ రాయించుకున్నారు?

పని, జీతం, సెలవు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు దాదాపు అన్నీ ఒకే సంగతి మీద. వానలు మొదలయ్యాక విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా జ్వరాలు ఏ వీధినీ వదల్లేదు. జ్వరం తగ్గి, ఒకటో తారీఖున జీతం చూసుకుని నీరుగారిపోయినవాళ్ళే ఎక్కువమంది రాశారు. నేను పద్నాలుగేళ్ళు ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేశాను. హాజరు పట్టీలో రానివాళ్ళ ఎదురుగా ఎర్ర ఇంకుతో 'ఏ' (ఆబ్సెంట్) అని రాయడం నా ఉద్యోగం, కాబట్టి ఆ పక్క లెక్క ఎలా నడుస్తుందో దగ్గరగా చూశాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డర్‌ని. జీతం 15,000. ఆగస్టులో టైఫాయిడ్ వచ్చి 12 రోజులు పనిలోకి వెళ్ళలేదు. మా వీధి చివర క్లినిక్‌లో చూపించుకున్నాను, డాక్టరు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఓనరు 12 రోజుల జీతం కట్ చేసి, నీకు ఈఎస్ఐ ఉంది కదా అక్కడికెళ్ళి అడుగు అన్నారు. ఈఎస్ఐ వాళ్ళేమో బయటి డాక్టరు సర్టిఫికెట్ చెల్లదన్నారు. ఇక ఆ 12 రోజులు పోయినట్టేనా? – వెల్డర్, గాజువాక

జవాబు: తమ్ముడూ, ముందు నీ జీతం స్లిప్పు తీసి చూడు. అందులో ఈఎస్ఐ (జబ్బు చేసినా, దెబ్బ తగిలినా ఆదుకునే కార్మికుల బీమా) అని ఒక గడి ఉంటుంది, దాని ఎదురుగా 113 రూపాయలు ఉండాలి. నీ 15,000లో 0.75 శాతం అది. దానికి మీ ఓనరు తన వంతు 3.25 శాతం, అంటే ఇంకో 488 రూపాయలు కలిపి మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. 2019 జూలై నుంచి ఉన్న రేట్లు ఇవి. నెలకి 601 రూపాయలు నీ పేరు మీద వెళ్తున్నాయన్నమాట. కాబట్టి ఈఎస్ఐలో నువ్వు అడిగేది నువ్వు చందా కట్టి సంపాదించుకున్న డబ్బు. ఎవరి దగ్గరా తలవంచుకుని నిలబడాల్సిన పని లేదు.

లెక్క ఇలా ఉంటుంది. జబ్బు చేసి పని మానేసినప్పుడు రోజు సగటు జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదికి 91 రోజుల దాకా. నీకు రోజుకి సుమారు 500 పడుతుంది కాబట్టి 350 వస్తుంది. మొదటి రెండు రోజులు వదిలేస్తారు, మిగిలిన పది రోజులకి 3,500. పదిహేను రోజుల్లోపే జబ్బు మళ్ళీ తిరగబెడితే ఆ రెండు రోజుల మినహాయింపు రెండోసారి ఉండదు. దీనికో షరతు ఉంది: అక్టోబర్ నుంచి మార్చి దాకా 78 రోజులకైనా నీ చందా కట్టి ఉంటే జూలై–డిసెంబర్ మధ్య వచ్చిన జబ్బుకి డబ్బిస్తారు, ఏప్రిల్–సెప్టెంబర్ చందాకి ఆ తర్వాతి జనవరి–జూన్‌లో ఇస్తారు. నీ టైఫాయిడ్ ఆగస్టులో వచ్చింది కాబట్టి దాని ముందరి అక్టోబర్–మార్చి చందా చూస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఈ డబ్బు మొదలవడానికి తొమ్మిది నెలలు పడుతుంది గాని, వైద్యం మాత్రం చేరిన రోజు నుంచే ఉంటుంది.

ఇక సర్టిఫికెట్ సంగతి. నువ్వొక్కడివే కాదు, నాకు తెలిసి నూటికి తొంభై మంది ఇక్కడే దెబ్బతింటారు. డబ్బు రావాలంటే చీటీ ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు గాని, ఈఎస్ఐ ఆసుపత్రి డాక్టరు గాని ఇవ్వాలి. మీవాళ్ళకి మల్కాపురంలో ఆసుపత్రి ఉంది, దానికంటే ముందు నీ కార్డు మీద ఏ డిస్పెన్సరీ పేరు రాసి ఉందో అక్కడికి వెళ్ళాలి. నాకు తెలుసు, 102 జ్వరంతో వణుకుతూ ఆటో ఎక్కి వెళ్ళి క్యూలో నిలబడే ఓపిక ఎవరికుంటుంది, పక్క వీధి డాక్టరైతే ఐదు నిమిషాల్లో చూసి ఇంజక్షన్ వేసి పంపుతాడు. మందులు అక్కడే వాడుకో, నమ్మకం ఉన్న డాక్టర్ని వదులుకోమని నేను చెప్పను. కానీ మొదటి రోజో రెండో రోజో, ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకుని, ఒక్కసారి డిస్పెన్సరీకి వెళ్ళి చీటీ రాయించుకో. ఆ డాక్టరు ఎన్ని రోజులు విశ్రాంతి రాస్తారో అన్ని రోజులకే డబ్బు. ఇంకా తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి పొడిగించుకోవాలి, పనిలోకి వెళ్ళేముందు ఫిట్‌నెస్ రాయించుకోవాలి. మధ్యలో ఒక్క చీటీ తప్పినా ఆ రోజుల లెక్క తెగిపోతుంది.

ఇప్పటికి జరిగినదానికి ఒక దారి మిగిలి ఉంది. బయటి డాక్టరు కాగితాలను కూడా సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు ఈఎస్ఐ నిబంధనల్లో ఉంది, అయితే అది వాళ్ళ విచక్షణ. క్లినిక్ సర్టిఫికెట్, రక్తపరీక్ష రిపోర్టు, మందుల బిల్లులు, మీ షెడ్డు హాజరు కాగితం కలిపి, డిస్పెన్సరీకి ఎందుకు రాలేకపోయావో నాలుగు లైన్లు రాసి బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వు. కౌంటర్‌లో నోటిమాటగా 'చెల్లదు' అంటే వెనక్కి రావద్దు. ఒక జిరాక్సు మీద అందినట్టు స్టాంపు వేయించుకో, లేదనేదేదో కాగితం మీదే చెప్పమను.

ఇంకో ముక్క, ఇది అందరికీ. టీబీ, క్యాన్సర్ లాంటి 34 పెద్ద జబ్బుల జాబితా ఒకటి ఉంది. రెండేళ్ళ సర్వీసు, అందుకు తగ్గ చందా ఉంటే వాటికి 91 రోజులతో ఆగదు, 80 శాతం లెక్కన రెండేళ్ళ దాకా వస్తుంది. టీబీ అని తెలియగానే సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా పని మానేసి ఊరికి వెళ్ళిపోయినవాళ్ళని నేను ముగ్గుర్ని చూశాను. ముగ్గురికీ ఈ డబ్బు రావలసింది, ముగ్గురికీ రాలేదు.

ప్రశ్న: మాది పరవాడ దగ్గర. మా అబ్బాయి ఒక కంపెనీలో ప్రెస్ మెషిన్ మీద పనిచేస్తాడు, జీతం 16,000. పోయిన నెల కుడిచేతి చూపుడు వేలు రెండు కణుపుల దాకా తెగిపోయింది. కంపెనీవాళ్ళే కారులో ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఖర్చంతా పెట్టుకున్నారు, మంచివాళ్ళే అనుకున్నాం. ఇప్పుడు ఒక కాగితం తెచ్చి, ఇంట్లో తలుపు సందులో వేలు పడిందని రాసి సంతకం పెట్టమంటున్నారు, పెడితే 20,000 ఇస్తామంటున్నారు. పెట్టకపోతే మళ్ళీ పనిలోకి రానివ్వరేమోనని మావాడు భయపడుతున్నాడు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, సంతకం పెట్టనివ్వకండి. మిగతా ఉత్తరాలన్నీ పక్కనపెట్టి మీకు ముందు ఫోన్ చేసింది అందుకే. ఇక్కడ రాస్తున్నది మీలాంటి ఇంకో ఇంటి కోసం.

ఆ కాగితం విలువ ఎంతో చెబుతాను. పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐలో 78 రోజుల షరతు ఏదీ ఉండదు, నిన్న చేరి ఇవాళ దెబ్బ తగిలినా లెక్కే. పని చెయ్యలేని రోజులన్నింటికీ 90 శాతం జీతం ఇస్తారు. మీవాడికి రోజుకి 480 పైచిలుకు వస్తుంది, అది మూడు నెలలైనా సరే, నాలుగు నెలలైనా సరే. గాయం మానాక మెడికల్ బోర్డు చూసి, సంపాదించే శక్తి ఎంత పోయిందో శాతంలో రాస్తుంది. చూపుడు వేలు రెండు కణుపులు పోతే చట్టంలోని పట్టికలో 11 శాతం అని ఉంది. ఆ 90 శాతంలో 11 శాతం అంటే రోజుకి 52 రూపాయల పైన, నెలకి 1,500 దాటుతుంది. అది బతికున్నంత కాలం, నెలనెలా. మీ అబ్బాయికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళని చెప్పారు. 20,000 ఎన్ని నెలలకి సమానమో మీరే లెక్క వేసుకోండి. 'ఇంట్లో తలుపు సందు' అని రాసిన క్షణం ఇదంతా పోతుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు కేస్ షీటులో 'ఎలా తగిలింది' అని రాస్తారు, దాని నకలు అడిగి తీసుకోండి. ఆ రోజు షిఫ్టులో పక్క మెషిన్ల మీద ఎవరున్నారో పేర్లు రాసి పెట్టుకోండి, రెండు నెలలు పోతే వాళ్ళకీ గుర్తుండదు. కంపెనీ యాక్సిడెంట్ రిజిస్టరులో రాసి, ఈఎస్ఐకి రిపోర్టు పంపాలి. పంపకపోతే మీవాడే తేదీ, టైము, మెషిన్ వివరాలతో కంపెనీకి ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే నకలు ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకీ, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకీ పంపాలి. పరవాడ 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి ఏ ఆఫీసు కిందికి వస్తుందో కనుక్కుని వెళ్ళండి, ఊరికే అటూ ఇటూ తిప్పించుకోవద్దు. ఇక పనిలోంచి తీసేస్తారేమోనన్న భయానికి, దెబ్బ తగిలి ఈ డబ్బు తీసుకుంటున్న కాలంలో మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే 73వ సెక్షన్ పెట్టారు. జబ్బుతో, కాన్పుతో సెలవులో ఉన్నవాళ్ళకీ అదే రక్షణ ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న సామాజిక భద్రత కోడ్ వచ్చింది, ఇప్పటి నియమం ఈఎస్ఐ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

జీతం 21,000 దాటి ఈఎస్ఐలో లేనివాళ్ళకి ఇలాంటి దెబ్బ తగిలితే పరిహారం దారి ఉంది (1923 నాటి పరిహార చట్టం స్థానంలోనూ 2025 నవంబర్ 21 నుంచి అదే కోడ్ వచ్చింది), అక్కడ వైద్యం ఖర్చు మొత్తం యజమానే భరించాలి. కాబట్టి ఈఎస్ఐ లేదు గనక ఏమీ రాదని కూడా అనుకోకూడదు.

మా నాన్న ఒక వర్క్‌షాపులో పనిచేసేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన పాదం మీద ఇనుప దిమ్మె పడింది. స్నానాల గదిలో జారిపడ్డానని ఆయన చేత రాయించుకున్నారు, వాళ్ళు చెప్పారని రాశారు, అప్పుడది పెద్ద విషయమని ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఐదు నెలలు మంచం మీద ఉన్నారు, ఐదు నెలలూ ఇంట్లోకి పైసా రాలేదు. మా తమ్ముణ్ణి బడి మాన్పించి సైకిల్ షాపులో పెట్టారు. ఆ కాగితం నీలం కార్బన్ కాపీ బీరువాలో, అమ్మ చీరల కింద చాలా ఏళ్ళు ఉంది. అక్షరాలు చెదిరిపోయాయి గాని నాన్న సంతకం మాత్రం చదవడానికి వచ్చేది. నేను టైమ్ ఆఫీసులో చేరాక ఒకరోజు రూల్ పుస్తకం చదువుతూ, ఆయనకి ఏం రావాల్సిందో మొదటిసారి తెలుసుకున్నాను. అప్పటికి ఆయన లేరు.

మీ అబ్బాయి చేత ఆ సంతకం పెట్టించకండమ్మా.

ప్రశ్న: నేను మధురవాడలో ఒక పెద్ద ఆఫీసు దగ్గర సెక్యూరిటీ గార్డుని, ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నారు. రెండేళ్ళుగా ప్రతినెలా ఈఎస్ఐ, పీఎఫ్ అని కట్ చేస్తున్నారు. మొన్న మా ఆవిడకి కిడ్నీలో రాయి అని ఈఎస్ఐకి తీసుకెళితే, మీ పేరు మీద చందా ఏమీ పడలేదని చెప్పారు. ఏజెన్సీని అడిగితే ఆఫీసు బిల్లు రాలేదంటారు, ఆఫీసువాళ్ళని అడిగితే నువ్వు మా మనిషివి కాదంటారు. – గార్డు, మధురవాడ

జవాబు: అన్నగారూ, ఆఫీసువాళ్ళు చెప్పింది తప్పు. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న మనిషికి కూడా ఈఎస్ఐ కట్టే బాధ్యత ముందుగా అసలు యజమానిదే, అంటే మీరు ఏ గేటు దగ్గర నిలబడుతున్నారో ఆ సంస్థది. కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవచ్చు, అది వాళ్ళూ వాళ్ళూ చూసుకునే లెక్క. మీ జీతంలోంచి పట్టుకుని కట్టకపోవడం క్రిమినల్ నేరం కూడా.

మీకు పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు ఇచ్చారా? లేదంటే అసలు రిజిస్టరే చెయ్యలేదని అర్థం. ఇచ్చి ఉంటే మీ అబ్బాయి ఫోన్లో ప్రభుత్వ ఉమంగ్ యాప్ వేయించి, అందులో ఈఎస్ఐసీ (ఈఎస్ఐని నడిపే సంస్థ) లోకి వెళ్ళి ఏ నెల ఎన్ని రోజులకి చందా పడిందో చూడండి. చాలామందికి నెలకి 26 రోజులు పనిచేయించుకుని పదిరోజులకే కట్టిన సందర్భాలు నేను చూశాను. అప్పుడు 78 రోజుల లెక్క తప్పిపోతుంది, అవసరం వచ్చినప్పుడు గాని బయటపడదు. అందుకే రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

జీతం బ్యాంకులో పడుతుంటే స్టేట్‌మెంటు, చేతికిస్తుంటే సంతకం చేసిన వోచరు ఫోటో, జీతం స్లిప్పులు, డ్యూటీ చార్టు, ఐడీ కార్డు, వీటన్నిటి జిరాక్సులు పెట్టి నగరంలో ఉన్న ఈఎస్ఐసీ సబ్ రీజినల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఫోన్లో మాట్లాడాలంటే ఈఎస్ఐసీ టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526. మీతోపాటు అదే గేటు దగ్గర ఇంకా ఎనిమిది మంది ఉన్నారని రాశారు, తొమ్మిది మందీ ఒకే కాగితం మీద సంతకాలు పెడితే ఒక్కరి మీద కక్ష కట్టడం కుదరదు. యజమాని కట్టకపోవడం వల్ల మీకు రావాల్సింది ఆగిపోతే, ఈఎస్ఐసీ మీకు ఇచ్చి ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకునే ఏర్పాటు చట్టంలో ఉంది. ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

మీ ఆవిడ వైద్యం దీనికోసం ఆపవద్దు. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చూపించండి, రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందేమో అక్కడ ఆ పథకం చూసేవాళ్ళని అడగండి. బిల్లులు మాత్రం ఒక్కటి కూడా పారేయకండి.

ప్రశ్న: అక్కా, నేను జగదాంబ దగ్గర బట్టల షోరూంలో సేల్స్‌లో చేస్తున్నాను, 60 మంది పైన ఉంటాం. జీతం 14,000. మాకు వారానికి ఒక్క సెలవు తప్ప ఇంకే సెలవూ లేదు. జ్వరమొచ్చి మానేస్తే ఆ రోజు జీతం పోతుంది, పండగ సీజన్లో అయితే డబుల్ కట్. ఇది ఎక్కడైనా ఇంతేనా? – సేల్స్ గర్ల్

జవాబు: లేదు చెల్లీ. షాపులకి మన రాష్ట్రంలో 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ఉంది. దాని ప్రకారం ఏడాదికి జబ్బు సెలవు 12 రోజులు, క్యాజువల్ 12 రోజులు, జీతంతో. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఇంకో 15 రోజులు. ఒక రోజు రాకపోతే రెండు రోజుల జీతం పట్టుకోవడం ఏ చట్టంలోనూ లేదు. పండగ సీజన్ అయినా అంతే, దసరా ముందు వచ్చిన జ్వరం కూడా జ్వరమే.

నీ జీతంలో ఈఎస్ఐ 105 రూపాయలు పట్టుకోవాలి, స్లిప్పు చూసుకో. పట్టుకుంటుంటే నీకు రెండూ ఉన్నాయి. ఒకటీ రెండు రోజుల జ్వరానికి షాపు ఇచ్చే జబ్బు సెలవు వాడుకో. జ్వరం ముదిరి పది రోజులయ్యేలా ఉంటే ఈఎస్ఐ చీటీ రాయించు, వాళ్ళు వదిలేసే మొదటి రెండు రోజులకి షాపు సెలవు పెట్టుకో. ఒకే రోజుకి షాపు జీతం, ఈఎస్ఐ డబ్బు రెండూ మాత్రం రావు.

నువ్వొక్కదానివే వెళ్ళి మేనేజర్ని చట్టం అడిగితే మరుసటి రోజు నుంచి నిన్ను గోడౌన్‌లో వేస్తారు, నాకు ఆ సంగతి తెలుసు. నలుగురైదుగురు కలిసి సెలవు రిజిస్టరు చూపించమని అడగండి. లేబర్ ఆఫీసరుకి ఫిర్యాదు పేరు లేకుండా కూడా పంపొచ్చు. షోరూం పేరు, ఎంతమంది పనిచేస్తున్నారు, ఏ నెలలో ఎవరికి ఎంత కట్ అయింది అని వివరంగా ఉంటే తనిఖీకి వచ్చినవాళ్ళు ఏ రిజిస్టరు అడగాలో వాళ్ళకి తెలుస్తుంది.

ఫ్యాక్టరీల నుంచి ఇదే ప్రశ్న వేసినవాళ్ళకి: ఫ్యాక్టరీ చట్టంలో జబ్బు సెలవు అని విడిగా లేదు. 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఉంటుంది. దానికి 240 రోజులు పనిచేసి ఉండాలని పాత లెక్క, ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో 180 రోజులు చేశారు. కాంట్రాక్టు మనుషుల్ని ఏడెనిమిది నెలలకి ఆపేసి మళ్ళీ తీసుకునే చోట్ల ఈ తేడా బాగా పనికొస్తుంది.

ప్రశ్న: దువ్వాడ సెజ్‌లో పనిచేస్తున్నాను. జూలై నుంచి జీతం 20,400 నుంచి 21,600 చేశారు. ఇకనుంచి ఈఎస్ఐ ఉండదన్నారు. మా నాన్నకి డయాలసిస్ ఈఎస్ఐ మీదే జరుగుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు నిద్రపోండి, టైముంది. 21,000 దాటినా ఆ చందా కాలం ముగిసేదాకా ఈఎస్ఐ ఆపకూడదు, మీ విషయంలో సెప్టెంబర్ 30 దాకా కట్టాల్సిందే. ఆ ఆరు నెలల్లో 78 రోజుల చందా ఉంటే దానికి సంబంధించిన లబ్ధి కాలం, అంటే వచ్చే జూన్ 30 దాకా వైద్యం కొనసాగుతుంది. 'ఇకనుంచి ఉండదు' అన్నవాళ్ళకి ఈ మాట రాసి చూపించండి. ఇంకొకటి, పెరిగిన 1,200లో ఓటీ (ఓవర్‌టైం) ఏమైనా కలిసిందా చూడండి, ఓటీ డబ్బు ఈ 21,000 లెక్కలోకి రాదు.

ఈ పరిమితి 2017 జనవరిలో 15,000 నుంచి 21,000 చేశారు, అప్పటినుంచీ అక్కడే ఉంది. ధరలు, జీతాలు అక్కడ ఆగలేదు. 1,200 పెంచి, డయాలసిస్ తీసేసుకున్నట్టవుతోంది, ఇది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను. పరిమితి పెంచాలని కార్మిక సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. మీ సంఘం ఉంటే అందులో మీ నాన్నగారి ఉదాహరణే చెప్పండి.

ఈలోగా కంపెనీని అడగాల్సింది గ్రూప్ ఇన్సూరెన్స్ గురించి. ఎంత మొత్తానికి ఇస్తారు, తల్లిదండ్రుల్ని చేరుస్తారా, ఇప్పటికే ఉన్న జబ్బుకి మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, డయాలసిస్ లాంటి ఒక్కరోజు చేరికలకి ఇస్తారా, ఇవన్నీ మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. బయట విడిగా పాలసీ తీసుకుంటే ముందున్న జబ్బుకి మూడేళ్ళ దాకా వేచి ఉండమనే హక్కు వాళ్ళకుంది, నాన్నగారికి అది పనికిరాదు. మీకూ మీ భార్యకీ పిల్లలకీ మాత్రం ఇప్పుడే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నామెకి డెంగీ వచ్చి 11 రోజులు రాలేదు. నెలకి 4,500 ఇస్తాం. జీతం కట్ చెయ్యాలా, వద్దా? మా అపార్ట్‌మెంట్లో అందరూ చేస్తారు. – గృహిణి

జవాబు: చెయ్యకండి. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఈఎస్ఐ లేదు, జబ్బు సెలవు ఇమ్మని మిమ్మల్ని బలవంతపెట్టే చట్టమూ లేదు, అందుకే మీరు అడిగారు. ఆమె 11 రోజులకి మీరు పట్టుకునేది 1,650 రూపాయలు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషి జీతం పోతుందని నాలుగో రోజే లేచి వచ్చి మీ గిన్నెలు తోముతుంది, మూడిళ్ళు తిరుగుతుంది, అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుండిపోతుంది. మా వీధిలో అలా కూర్చున్నావిడని నేనే లేపి ఇంట్లోకి తీసుకొచ్చాను. చేతిలో ఇంకా పక్కింటి తాళంచెవి ఉంది.

నెలకి ఒక రోజు చొప్పున ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవని ముందే చెప్పి, క్యాలెండరు మీద ఆమె ఎదుటే గీత పెట్టండి. అపార్ట్‌మెంటు మీటింగులో ఈ మాట మీరే ఎత్తండి, ఒక ఇల్లు మొదలుపెడితే రెండో ఇల్లు అడుగుతుంది. ఆమెకి ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు కార్డు) ఉందో లేదో కనుక్కుని, లేకపోతే ఆధార్, బ్యాంకు పుస్తకంతో మీ ఫోన్లోనే నమోదు చెయ్యండి, 16 నుంచి 59 ఏళ్ళవాళ్ళకి చేస్తారు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. నేను గాజువాకలో ఉంటూ పనిచేస్తున్నాను. ఈఎస్ఐలో మా అమ్మ పేరు ఎక్కించొచ్చా? ఆవిడకి నెలకి 4,000 పింఛను వస్తుంది. ఆవిడ ఊళ్ళోనే ఉంటుంది.

జవాబు: ఎక్కించొచ్చు. తల్లిదండ్రుల ఆదాయం అన్నీ కలిపి నెలకి 9,000 దాటకూడదు, అంతే. 4,000 పింఛను అడ్డం కాదు. ఆవిడ ఆధార్, ఫోటో మీ కంపెనీలో ఇచ్చి కార్డులో చేర్చమనండి. మీకు ఒక డిస్పెన్సరీ, ఇంట్లోవాళ్ళకి వేరే ఊళ్ళో ఇంకో డిస్పెన్సరీ పెట్టుకునే వీలుంది, కాబట్టి అమ్మకి మీ ఊరికి దగ్గరలోది రాయించండి. కార్డు కొత్త ప్రింటు తీశాక ఒక కాపీ లామినేషన్ చేయించి అమ్మకిచ్చి రండి, మీ పది అంకెల నంబరు దాని మీద పెద్ద అక్షరాలతో రాసి. రాత్రిపూట ఆవిడని ఎవరో బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఆ నంబరు కోసం మీకు ఫోన్ చేస్తారు, మీరప్పుడు షిఫ్టులో ఉంటారు, ఫోన్ లాకర్లో ఉంటుంది.